బొటనవేలి బలంతో సెకనులో 4000వ వంతు

జపాన్‌ కంపెనీ నికాన్ 1982లో ఎఫ్‌ఎం2 అనే కెమెరాను మార్కెట్లోకి తెచ్చింది. లెన్స్ లేకుండా 540 గ్రాముల బరువు. పైకి చూస్తే అందులో కొత్తదనమేమీ కనిపించదు. అదే లోహపు పెట్టె, పైన తిప్పే చక్రాలు, వెనుక రీలు వేసే తలుపు. కానీ షట్టర్ వేగాలు రాసి ఉన్న చక్రం మీద ఆఖరి అంకె 4000. అంటే ఫిల్ము మీద సెకనులో 4000వ వంతు సేపు మాత్రమే వెలుగు పడేలా ఈ కెమెరా తెరుచుకుని మూసుకోగలదు. అంతకుముందు నికాన్ వాళ్ళ మేటి మెకానికల్ కెమెరా ఎఫ్2 కూడా 2000వ వంతు దగ్గరే ఆగిపోయింది.

వేగం ఒక్కటే అయితే అదొక రికార్డుగా మిగిలిపోయేది. అసలు విశేషం, ఈ పనికి బ్యాటరీ అక్కర్లేకపోవడం. ఎఫ్‌ఎం2లో బ్యాటరీ ఉంది గానీ, అది వెలుగును కొలిచి సలహా చెప్పడానికే. బ్యాటరీ తీసి పక్కన పెట్టినా ఒక సెకను మొదలు 4000వ వంతు దాకా అన్ని వేగాలూ పనిచేస్తాయి. మరి ఆ పనికి కావలసిన శక్తి ఎక్కడిది? ఫోటో తీసేవారి కుడిచేతి బొటనవేలిది. ఆ శక్తి కెమెరాలోకి ఎలా వెళ్తుందో, ఎక్కడ నిలవ ఉంటుందో, చివరికి ఎలా ఖర్చవుతుందో వెంబడిస్తే మెకానికల్ కెమెరా అంతా అర్థమైపోతుంది.

ఒక్క తోపులో నాలుగు పనులు

కెమెరా పైభాగాన కుడివైపు ఒక లీవర్ ఉంటుంది. ప్రతి ఫోటోకీ ముందు దాన్ని బొటనవేలితో సుమారు 135 డిగ్రీలు తోయాలి. ఆ ఒక్క తోపులో నాలుగు పనులు జరుగుతాయి. రీలు ఒక ఫోటో మేరకు ముందుకు జరుగుతుంది. షట్టర్‌ను నడిపే స్ప్రింగులు బిగుసుకుంటాయి. లోపలి అద్దాన్ని పైకి లేపే స్ప్రింగు కూడా బిగుసుకుంటుంది. ఎన్ని ఫోటోలు తీశామో చూపే అంకె ఒకటి పెరుగుతుంది.

రీలు సరిగ్గా ఎంత జరగాలో కెమెరాకు తెలిసేది ఫిల్ము అంచుల్లోని రంధ్రాల వల్ల. ఈ ఫిల్ము అసలు సినిమాల కోసం పుట్టింది. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్ 35 ఎం.ఎం. థియేటర్ పేరులో ఉన్నది ఈ ఫిల్ము వెడల్పే. సినిమా కెమెరాలో ఫిల్ము నిలువుగా పరుగెత్తుతుంది, ఒక్కో బొమ్మకు నాలుగు రంధ్రాల మేర చోటు. జర్మనీలో ఆస్కార్ బర్నాక్ అదే ఫిల్మును అడ్డంగా నడిపి, బొమ్మకు ఎనిమిది రంధ్రాల చోటిచ్చి, 24×36 మిల్లీమీటర్ల చట్రాన్ని తయారుచేశాడు. 1925లో లైకా కెమెరాతో ఆ కొలత లోకానికి పరిచయమైంది. అప్పటి నుంచి అదే స్థిరపడింది.

రంధ్రానికీ రంధ్రానికీ మధ్య దూరం 4.75 మిల్లీమీటర్లు. ఎనిమిది రంధ్రాలంటే 38 మిల్లీమీటర్లు. అందులో 36 బొమ్మకు పోతే మిగిలిన 2 మిల్లీమీటర్లు రెండు బొమ్మల నడుమ ఖాళీ. లీవర్ తోసినప్పుడు పళ్ళ చక్రం ఒకటి ఈ రంధ్రాలను పట్టుకుని లెక్క తప్పకుండా ఎనిమిదింటిని దాటిస్తుంది. ఫిల్ము చుట్టుకునే ఇరుసుకు ఈ లెక్కతో పనిలేదు. చుట్టలు పేరుకునే కొద్దీ దాని లావు పెరుగుతుంది కాబట్టి ప్రతిసారీ ఒకేలా తిరిగితే ఫిల్ము చిరుగుతుంది. అందుకే దాన్ని అవసరమైనంత జారేలా అమర్చారు. కొలత పళ్ళ చక్రానిది, చుట్టడం ఇరుసుది.

ఒకసారి ఫోటో తీశాక మళ్ళీ లీవర్ తోయనిదే బటన్ పనిచేయదు. ఒకే చట్రం మీద పొరపాటున రెండు బొమ్మలు పడకుండా ఇదొక కాపలా. కావాలనే రెండు బొమ్మలు ఒకదానిమీద ఒకటి వేయాలనుకునేవాళ్ళ కోసం లీవర్ పక్కనే చిన్న మీట ఉంది. దాన్ని లాగిపట్టి తోస్తే స్ప్రింగులు బిగుస్తాయి గానీ ఫిల్ము కదలదు. మన పెళ్ళి ఆల్బమ్‌లలో ఒకే ఫోటోలో పెళ్ళికూతురు రెండుచోట్ల కనిపించే మాయల్లో కొన్ని ఇలా కెమెరాలోనే పుట్టాయి, మిగిలినవి డార్క్‌రూమ్‌లో.

కంటికీ ఫిల్ముకూ ఒకే దారి

ఎఫ్‌ఎం2 ఎస్‌ఎల్‌ఆర్ తరహా కెమెరా. ఫోటో తీసే లెన్స్ లోంచే మనమూ చూస్తాం. లెన్స్ వెనుక 45 డిగ్రీల వాలుతో ఒక అద్దం ఉంటుంది. అది వెలుగును పైకి మళ్ళించి ఒక గరుకు గాజు మీద బొమ్మ వేస్తుంది. అద్దంలోంచి వచ్చింది కాబట్టి ఆ బొమ్మలో కుడి ఎడమలు తారుమారై ఉంటాయి. కెమెరా నెత్తిన గోపురంలా కనిపించే భాగంలో ఉన్న గాజు పట్టకం ఆ తారుమారును సరిచేసి, నిటారైన బొమ్మను కంటికి అందిస్తుంది.

గరుకు గాజు నడుమ ఒక చిన్న వలయం. అందులో ఎదురెదురు వాలుతో రెండు గాజు ముక్కలు పొదిగి ఉంటాయి. ఫోకస్ కుదరకపోతే నిలువుగీత ఏదైనా అక్కడ విరిగినట్టు కనబడుతుంది. గుడి స్తంభానికి గురిపెట్టి లెన్స్ రింగు తిప్పుతుంటే, విరిగిన స్తంభం పైసగం, కిందిసగం జరుగుతూ వచ్చి ఒక్కటవుతాయి. అదే ఫోకస్. ఇందులో మోటారూ లేదు, సెన్సరూ లేదు. గీత విరిగిందా లేదా అన్నది కనిపెట్టడంలో మనిషి కన్ను చాలా చురుకైనదన్న సంగతిని వాడుకున్నారు.

లెన్స్ మీద అపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం) అంకెలు రెండు వరుసల్లో ఉంటాయి. పెద్దవి మన కోసం. చిన్నవి కెమెరా కోసం. గోపురం కింద ముందువైపున్న బుల్లి కిటికీ ఆ చిన్న అంకెను నేరుగా చూసి, దాని ప్రతిబింబాన్ని మనం కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ అంచున చూపిస్తుంది. ఈ రోజుల్లో తెర మీద అంకె చూపాలంటే చిప్ కావాలి. ఇక్కడ అంకెను చూపేది గాజే.

వేగం కాదు, సన్నదనం

ఇక అసలు ఘట్టం. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, అపర్చర్ మనం పెట్టిన కొలతకు ముడుచుకుంటుంది, షట్టర్ కదులుతుంది. షట్టర్ అంటే ఫిల్ముకు ముందు సన్నని లోహపు రేకులతో చేసిన రెండు తెరలు. మొదటి తెర జరిగి వెలుగుకు దారి ఇస్తుంది. రెండో తెర దాని వెంటే జరిగి దారి మూసేస్తుంది.

సెకనులో 4000వ వంతు అనగానే ఆ తెరలు అంత సమయంలోనే ఈ చివర నుంచి ఆ చివరికి దూసుకుపోతాయనిపిస్తుంది. నిజానికి అలా జరగదు. 1984లో మెరుగుపరిచిన ఎఫ్‌ఎం2లో ఒక తెర 24 మిల్లీమీటర్ల ఎత్తును దాటడానికి సుమారు 3.3 మిల్లీసెకన్లు పడుతుంది. లెక్క కడితే సగటు వేగం సెకనుకు 7 మీటర్ల చిల్లర, గంటకు 26 కిలోమీటర్లు. 100 మీటర్ల పందెంలో మేటి అథ్లెట్ ఇంతకంటే వేగంగా పరుగెత్తుతాడు.

మరి 4000వ వంతు ఎలా వచ్చింది? రెండో తెర, మొదటిది గమ్యం చేరేదాకా ఆగదు. మొదటిది బయల్దేరిన పావు మిల్లీసెకనుకే తానూ బయల్దేరుతుంది. వాటి మధ్య ఏర్పడే సందు సగటున దాదాపు 2 మిల్లీమీటర్లే. జిరాక్స్ మిషన్‌లో వెలుగు పట్టీ కాగితం పొడవునా జరిగినట్టు, ఆ సన్నని సందు ఫిల్ము మీదుగా జరుగుతుంది. ఫిల్ములో ఏ బిందువును తీసుకున్నా దానికి వెలుగు తగిలేది పావు మిల్లీసెకనే. మొత్తం బొమ్మ పూర్తికావడానికి మాత్రం దానికి పది రెట్లకు మించిన సమయం పడుతుంది. షట్టర్ చక్రం మీద మనం తిప్పేది తెరల వేగాన్ని కాదు, వాటి మధ్య ఎడాన్ని. 1000వ వంతుకైనా 4000వ వంతుకైనా తెరలు పరుగెత్తే వేగం ఒక్కటే.

ఇందులో ఇంకో చమత్కారం ఉంది. స్ప్రింగు నెట్టుతుంటే రేకు నిశ్చలంగా మొదలై క్రమంగా వేగం పుంజుకుంటుంది. అలాంటప్పుడు ముందు దాటిన భాగానికి ఎక్కువ వెలుగు, తర్వాతి భాగానికి తక్కువ పడాలి కదా? పడదు. రెండు తెరలూ ఒకే తీరున వేగం పుంజుకుంటాయి. తెరలు వేగంగా ఉన్నచోట సందు వెడల్పవుతుంది, మెల్లగా ఉన్నచోట ఇరుకవుతుంది. కాలం మాత్రం ఎక్కడైనా సమానమే.

బొమ్మ ఒక్కసారిగా కాక ముక్కముక్కలుగా పడటం వల్ల వింతలూ జరుగుతాయి. ఫ్రాన్స్‌కు చెందిన జాక్ ఆన్రీ లార్తిగ్ 1910ల తొలినాళ్ళలో తీసిన కార్ల పందెం ఫోటోలో కారు చక్రం గుండ్రంగా ఉండదు, ముందుకు వాలిన కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. ఆనాటి కెమెరా తెర మెల్లగా నిలువుగా జరుగుతుండగా కారు ముందుకు కదిలిపోవడమే కారణం. ఇప్పటి ఫోన్ కెమెరాలో సెన్సర్‌ను వరుస తర్వాత వరుసగా చదువుతారు కాబట్టి, తిరిగే ఫ్యాను రెక్కలు వంకరపోయి కనిపించేదీ ఇందుకే. తెరలు పోయాయి గానీ సందు పోలేదు.

రేకుల బరువు, ఫ్లాష్ హద్దు

సందు సన్నగా ఉంటే చాలుకదా, తెరలు మెల్లగా నడిస్తే మాత్రం నష్టమేమిటి? ఫ్లాష్ దగ్గర నష్టం తెలుస్తుంది. ఎలక్ట్రానిక్ ఫ్లాష్ మెరుపు సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ కాలమే ఉంటుంది. ఆ క్షణంలో ఫిల్మంతా తెరుచుకుని ఉండాలి. లేకపోతే బొమ్మలో ఒక పట్టీ మాత్రమే వెలిగి మిగతాది చీకటైపోతుంది. అంటే మొదటి తెర పూర్తిగా దాటాక, రెండోది బయల్దేరక ముందు మెరవాలి. తెర ప్రయాణానికి 3.3 మిల్లీసెకన్లు పడితే, 250వ వంతు వేగంలో అంటే 4 మిల్లీసెకన్లలో, పూర్తిగా తెరిచి ఉండే సమయం 0.7 మిల్లీసెకన్లు. అదే ఫ్లాష్‌కు చివరి హద్దు. 1982 నాటి తొలి ఎఫ్‌ఎం2లో ఈ హద్దు 200వ వంతు. 1977లో వచ్చిన దాని అన్న ఎఫ్‌ఎంలో 125వ వంతు. పగటి ఎండలో, ముఖం మీది నీడను ఫ్లాష్‌తో పోగొట్టాలనుకునే ఫోటోగ్రాఫర్‌కు ఈ మెట్లు చాలా విలువైనవి.

తెరల ప్రయాణ సమయం తగ్గించడానికి రెండు మార్గాలు. ఒకటి దూరం తగ్గించడం. లైకా తరహాలో గుడ్డ తెరలు 36 మిల్లీమీటర్ల పొడవునా అడ్డంగా నడిచేవి. లోహపు రేకులను 24 మిల్లీమీటర్ల ఎత్తులో నిలువుగా నడిపితే మూడో వంతు దూరం తగ్గుతుంది. రెండోది బరువు తగ్గించడం. కొన్ని మిల్లీసెకన్లలో కదిలి, వేగం అందుకుని, మళ్ళీ దెబ్బతినకుండా ఆగాల్సిన రేకుకు ప్రతి మిల్లీగ్రామూ భారమే. నికాన్ ఇంజనీర్లు ఉక్కులో సగం చిల్లర సాంద్రత మాత్రమే ఉన్న టైటానియంను ఎంచుకున్నారు. రేకు మీద రసాయనంతో తేనెపట్టు గదుల నమూనా తొలిచి బరువు ఇంకా తగ్గించారు. గదుల గోడలు మిగలడం వల్ల బిగువు పోలేదు. తర్వాతి ఏళ్ళలో సాదా అల్యూమినియం రేకులు వాటి స్థానంలోకి వచ్చాయి.

కాలాన్ని ఆలస్యం చేసే గేర్లు

స్ప్రింగుకు తెలిసింది ఒక్కటే, వదిలితే వెళ్ళిపోవడం. దాన్ని సరిగ్గా సెకను సేపు ఆపాలన్నా, అరసెకను ఆపాలన్నా ఎవరో పట్టి ఉంచాలి. ఆ పని చేసేది చిన్న గేర్ల వరుస. చివరి చక్రం పళ్ళను ఒక చిన్న కొక్కెం పట్టుకుంటూ వదులుతూ ఊగుతుంది. ప్రతి ఊపుకూ కాస్త కాలం గడుస్తుంది. వరుస మొత్తం తిరగడం పూర్తయ్యాకే రెండో తెరకు విడుదల. గోడ గడియారంలో టిక్ టిక్ మనిపించే ఏర్పాటు సూత్రమే ఇది. షట్టర్‌ను ఒక సెకనుకు పెట్టి బటన్ నొక్కితే కెమెరా లోపల జుయ్ మని వినిపించేది ఈ గేర్ల చప్పుడే. వేగాలు పెరిగే కొద్దీ గేర్ల పాత్ర తగ్గుతుంది. రెండో తెరను పట్టుకున్న మీట ఎంత తొందరగా వదలాలన్నదే మిగులుతుంది.

మెకానికల్ కెమెరా బలహీనత కూడా ఇక్కడే బయటపడుతుంది. ఏళ్ళు గడిస్తే లోపలి నూనె చిక్కబడుతుంది, స్ప్రింగు బిగువు సడలుతుంది. ఆ ఆలస్యం మిల్లీసెకనులో ఇరవయ్యో వంతే అనుకుందాం. ఒక సెకను ఫోటోలో అది లెక్కలోకే రాదు. 4000వ వంతులో మాత్రం ఉండాల్సింది మిల్లీసెకనులో నాలుగో వంతే కాబట్టి వెలుగులో 20 శాతం తేడా వస్తుంది. క్వార్ట్జ్ స్ఫటికంతో కాలం కొలిచే ఎలక్ట్రానిక్ షట్టర్‌కు ఈ బాధ తక్కువ. కచ్చితత్వం ఒక్కటే చూస్తే బొటనవేలు ఓడిపోతుంది, అది ఒప్పుకోవాల్సిందే.

బ్యాటరీ చెప్పే సలహా

వ్యూఫైండర్‌లో కుడి అంచున మూడు ఎర్ర దీపాలు. ప్లస్ వెలిగితే వెలుగు ఎక్కువైంది, మైనస్ వెలిగితే తక్కువైంది, నడుమ సున్నా వెలిగితే సరిపోయింది. రెండు బొత్తాం బ్యాటరీలతో నడిచే లైట్ మీటర్ చేసేది ఇంతే. దీపం చూసి చక్రం తిప్పాలా, అపర్చర్ మార్చాలా, అసలు దాని మాట వినాలా అన్నది ఫోటోగ్రాఫర్ ఇష్టం.

బ్యాటరీ అయిపోతే పాతకాలపు సూత్రం ఒకటుంది. నిండు ఎండలో అపర్చర్‌ను 16 దగ్గర పెట్టి, ఫిల్ము ఐఎస్‌ఓ (వెలుగుకు స్పందించే చురుకును చెప్పే అంకె) ఎంతో షట్టర్ వేగం దాదాపు అంత పెట్టాలి. ఐఎస్‌ఓ 100 రీలైతే 125వ వంతు. మిగతా లెక్కంతా రెట్టింపులూ సగాలే. అపర్చర్‌ను 16 నుంచి 11కు తెరిస్తే రెట్టింపు వెలుగు వస్తుంది, అప్పుడు వేగాన్ని 250 చేయాలి. 8కి 500, 5.6కి 1000, 4కి 2000. ఇక 2.8కి తెరిచి, వెనుక చెట్లన్నీ మసకబారి మనిషి ముఖం ఒక్కటే స్పష్టంగా రావాలనుకుంటే? 4000 కావాలి. 2000 దగ్గర ఆగిపోయే కెమెరాతో ఎండలో ఆ ఫోటో తీయాలంటే తక్కువ ఐఎస్‌ఓ రీలో, లెన్స్‌కు నల్ల ఫిల్టరో వెతుక్కోవాల్సి వచ్చేది. ఆ ఆఖరి అంకె ఆటల పోటీల కోసమే కాదు, ఎండ దేశాల్లో ముఖాల కోసం కూడా.

ఎందుకు నమ్మారు

1980లో నికాన్ తన అగ్రశ్రేణి కెమెరా ఎఫ్3కి ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టింది. బ్యాటరీ పోతే దానికి మిగిలేది ఒకే ఒక్క మెకానికల్ వేగం. మంచుకొండల్లో చలికి బ్యాటరీ లోపలి రసాయన చర్యలు మందగిస్తాయి. యుద్ధభూమిలో, అడవిలో కొత్త బ్యాటరీ దొరకదు. అలాంటిచోట్లకు వెళ్ళే విలేకరులు సంచిలో ఎఫ్‌ఎం2ను తోడు తీసుకెళ్ళేవారు. 1984లో పెషావర్ దగ్గరి నాసిర్‌బాగ్ శరణార్థుల శిబిరంలో స్టీవ్ మెక్‌కరీ ఒక అఫ్ఘాన్ బాలికను ఫోటో తీసింది ఎఫ్‌ఎం2తోనే, 105 మిల్లీమీటర్ల లెన్స్‌తో, కొడాక్రోమ్ రీలు మీద. 1985 జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రంగా వచ్చిన ఆ పచ్చని కళ్ళను ఎరగనివారు తక్కువ.

2001లో ఎఫ్‌ఎం2 తయారీ ఆగింది. దాని స్థానంలో వచ్చిన ఎఫ్‌ఎం3ఎ మెకానికల్, ఎలక్ట్రానిక్ పద్ధతులు రెంటినీ ఒకే షట్టర్‌లో కలిపింది. 2006 నాటికి అదీ ఆగిపోయింది. 2023లో నికాన్ తెచ్చిన జెడ్‌ఎఫ్ అనే డిజిటల్ కెమెరాకు మళ్ళీ ఎఫ్‌ఎం2 రూపమే ఇచ్చారు. చక్రాలు అచ్చం అలాగే తిరుగుతాయి, కానీ వాటి కింద గేర్ల వరుస లేదు, బొటనవేలు తోయడానికి లీవర్ లేదు. ఆ చక్రం ఇప్పుడు ప్రాసెసర్‌కు ఒక అంకెను పంపుతుంది, అంతే.

పాత కెమెరా చేతికొస్తే

అటకమీదో, పాత సామాన్ల కొట్లోనో ఎఫ్‌ఎం2 గానీ దాని తరహా మెకానికల్ కెమెరా గానీ దొరికితే మొదట రీలు వేయకండి. లెన్స్ విప్పి వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి. తీరప్రాంతపు తేమకు గాజు మీద సాలెగూడులాంటి బూజు పట్టి ఉండవచ్చు. వెనుక తలుపు తెరిచి అంచుల్లోని నల్ల స్పాంజిని వేలితో తాకండి. జిగురుగా అంటుకుంటే అది పాడైనట్టే, మార్చకపోతే వెలుగు లోపలికి కారి ఫిల్ము మీద ఎర్రటి చారలు పడతాయి. ఇది చవకైన మరమ్మతు.

తర్వాత లెన్స్ మళ్ళీ బిగించి, తలుపు తెరిచే ఉంచి, అపర్చర్ పూర్తిగా తెరిచి, ట్యూబ్‌లైటు వైపు పట్టి లీవర్ తోసి బటన్ నొక్కండి. తెరల రేకులను మాత్రం వేలితో ముట్టకండి, అవి సొట్టపడితే మళ్ళీ సరికావు. ఒక సెకను దగ్గర గేర్లు తడబడకుండా ఒకే స్వరంతో తిరగాలి. 250 దగ్గర చట్రం మొత్తం మెరవాలి. 4000 దగ్గర కంటికి అందేది మసక వెలుగే. అయినా అది పైనుంచి కిందిదాకా సమానంగా ఉండాలి. ఒక అంచు నల్లగా కనిపిస్తే రెండో తెర మొదటిదాన్ని దారిలోనే అందుకుంటోందని అర్థం. ఆ కెమెరాను 1000 దాకా వాడుకుని, పై వేగాలను మెకానిక్‌కు వదిలేయండి.